ఇరుసు – కందెన

పాఠ్యభాగ ఉద్దేశం

కావ్యాలలోని తెలుగుతో పాటు వృత్తిపనులలోని తెలుగును కూడ విద్యార్థులకు పరిచయం చేయటం, ఒక యంత్రభాగం పనితీరును తెలుగులో స్పష్టంగా వివరించగల నేర్పును కలిగించటం, కంటికి కనబడని పనిలోనూ శ్రద్ధ అవసరమని తెలియజేయటం ఈ పాఠం ముఖ్యోద్దేశం.

ప్రవేశిక

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని తెలుగులో ఒక సామెత ఉన్నది. ఎండిన ఇరుసు మీద చక్రం తిరుగుతూ చేసే కీచుధ్వనిని పల్లెప్రజలు పరిహాసంగా సంగీతమన్నారు. ఆ పరిహాసంలో ఒక హెచ్చరిక కూడ దాగి ఉన్నది. చక్రం చప్పుడు చేస్తున్నదంటే దానికి ఏదో కావాలని అర్థం. ఎడ్లబండికి వర్తించే ఈ మాట మోటారుకారుకు కూడ వర్తిస్తుంది. పాత కారు ముందు చక్రంలోని బేరింగును పరీక్షించి, శుభ్రపరచి, తిరిగి అమర్చే విధానాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

చక్రమున్న ప్రతి వాహనానికీ ఒక చిక్కు ఉన్నది. చక్రం తిరగాలి, దానిని మోసే ఇరుసు నిలకడగా ఉండాలి. తిరిగేదానికీ నిలిచేదానికీ నడుమ బండి బరువంతా పడుతుంది. బరువు ఉన్నచోట రాపిడి, రాపిడి ఉన్నచోట వేడి, వేడి ఉన్నచోట అరుగుదల తప్పవు. మన పెద్దలు ఆముదంలో ఎండుగడ్డి మసిని కలిపి ఇరుసుకు కందెనగా పూసేవారు. చక్రం జారిపోకుండా ఇరుసు కొనకు కడశీల దిగవేసేవారు. కారు ముందు చక్రంలో ఈ రెండూ రూపం మార్చుకొని నిలిచి ఉన్నాయి. కందెన స్థానంలో గ్రీజు వచ్చింది. కడశీల స్థానంలో నట్టు, ఆ నట్టును కదలనీయని స్ప్లిట్ పిన్ను వచ్చాయి. వీటితో పాటు కొత్తగా వచ్చి చేరినది బేరింగు.

బరువైన పెట్టెను నేలమీద ఈడ్చటం కష్టం. దాని కింద గుండ్రని దుంగలు పెట్టి దొర్లిస్తే తేలిక. జారే రాపిడి కంటె దొర్లే రాపిడి ఎంతో తక్కువ అన్న ఈ సత్యమే బేరింగుకు మూలం. 1794లో వేల్స్ ప్రాంతానికి చెందిన ఫిలిప్ వాన్ బండి ఇరుసులలో గుండ్లను అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ పట్టణంలో ఫ్రీడ్రిష్ ఫిషర్ ఉక్కు గుండ్లన్నిటినీ ఒకే కొలతకు సానపట్టే యంత్రాన్ని రూపొందించాడు. గుండ్రని గుండు సరళరేఖలో దొర్లే బండికి చాలును. కాని బండి మలుపు తిరిగేటప్పుడు చక్రాన్ని పక్కకు నెట్టే బలం ఒకటి పుడుతుంది. పై నుండి పడే బరువును, పక్క నుండి వచ్చే ఒత్తిడిని ఒక్కటిగా భరించే శంకురూప రోలర్ బేరింగుకు అమెరికాలో బండ్ల తయారీదారుడైన హెన్రీ టిమ్కెన్ 1898లో పేటెంటు పొందాడు. గుర్రపుబండి కోసం పుట్టిన ఆ ఆలోచనే తరువాత మోటారుకార్లకు జీవనాధారమైనది.

అన్ని కార్లలోనూ ఒకే రకపు బేరింగులు ఉండవు. ముందు చక్రాలే బండిని లాగే నేటి కార్లలో ఎక్కువ భాగం మూసివేసిన బేరింగులతో వస్తాయి. అవి చెడితే మార్చవలసినదే. విప్పి గ్రీజు పెట్టే వీలు లేదు. వెనుక చక్రాలు నడిపే పలు పాత కార్ల ముందు హబ్బులలో మాత్రం శంకురూప రోలర్ బేరింగులు జంటగా ఉంటాయి. వీటిని విప్పవచ్చు, కడగవచ్చు, సరిచేయవచ్చు. మనం చర్చించేది ఈ రకాన్ని గూర్చియే. హబ్బు అంటే చక్రనాభి. అది స్టబ్ యాక్సిల్ అనే చిన్న ఇరుసుపై తిరుగుతుంది. లోపలివైపు పెద్ద బేరింగు, వెలుపలివైపు చిన్న బేరింగు ఉంటాయి. ప్రతి బేరింగులో రోలర్లతో కూడిన లోపలి భాగాన్ని పనివారు కోను అంటారు. హబ్బులో బిగుతుగా కూర్చున్న వెలుపలి వలయాన్ని కప్పు అంటారు. రోలర్లను సమదూరంలో నిలిపే పలుచని చట్రం కేజి. గ్రీజు బయటికి పోకుండా, నీరు, దుమ్ము లోపలికి రాకుండా లోపలివైపు ఆయిల్ సీలు, వెలుపలివైపు చిన్న లోహపు మూత కాపలా కాస్తాయి.

ఈ చిన్న వస్తువు ఎంత పని చేస్తున్నదో ఒక లెక్క వేసి చూద్దాం. కారు బరువు 1,200 కిలోలనుకొంటే ఒక్కొక్క చక్రంపై సుమారు 300 కిలోలు పడుతుంది. టైరు వ్యాసం 60 సెంటీమీటర్లయితే చుట్టుకొలత సుమారు 1.88 మీటర్లు. అనగా ఒక కిలోమీటరు దూరానికి చక్రం దాదాపు 530 సార్లు తిరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే క్షణానికి దాదాపు తొమ్మిది చుట్లు. హైదరాబాదు నుండి విజయవాడకు 270 కిలోమీటర్లనుకొంటే, ఒక్క ప్రయాణంలో లక్షా నలభై వేలకు పైగా చుట్లు తిరుగుతుంది. ఇన్ని చుట్లలోనూ రోలరుకు, కప్పుకు నడుమ ఉండేది వెంట్రుక కంటె పలుచని నూనెపొర మాత్రమే. ఆ పొర ఉన్నంతకాలం లోహాన్ని లోహం తాకదు. అది చెదిరిననాడు బేరింగు ఆయుష్షు తరుగుట ఆరంభమవుతుంది.

బేరింగు ఒక్కనాటితో చెడదు. ముందుగా హెచ్చరిస్తుంది. తొలి హెచ్చరిక ధ్వని. వేగం పెరిగేకొద్దీ పెరిగే గుయ్యిమనే సూక్ష్మధ్వని, తరువాత గరగరమనే మోత వినిపిస్తాయి. అదే వేగంలో గేరు మార్చినా ఆ ధ్వని మారకపోతే అది ఇంజను నుండి వచ్చినది కాదని ఊహించవచ్చు. రోడ్డు ఉపరితలం మారగానే ధ్వని మారితే టైరును అనుమానించాలి. బండి ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడి చక్రాలపైకి ఒరుగుతుంది. అప్పుడు మోత హెచ్చితే కుడివైపు బేరింగును ముందుగా పరీక్షించాలి. రెండవ హెచ్చరిక వేడి. ప్రయాణానంతరం ఒక చక్రం హబ్బు ఉష్ణోగ్రత రెండవదాని కంటె చాలా ఎక్కువగా ఉంటే కారణం వెదకాలి. అయితే బ్రేకు పట్టుకొన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. హబ్బు చేతిని కాల్చగలదు గనుక వెంటనే తాకరాదు. మూడవ హెచ్చరిక వదులు. దీనినే మెకానిక్కులు ప్లే అంటారు.

వదులును పరీక్షించటానికి బండిని సమతలంపై నిలపాలి. చేతిబ్రేకు వేసి, వెనుక చక్రాలకు అడ్డుదిమ్మెలు పెట్టాలి. చక్రపు నట్లను నేలపై ఉండగానే కొద్దిగా సడలించి, తరువాత జాకీతో ఎత్తాలి. ఎత్తిన వెంటనే దృఢమైన స్టాండుపై బండిని ఆనించాలి. జాకీ ఎత్తటానికే గాని మోయటానికి కాదు. కేవలం జాకీ మీద ఉన్న బండి కిందికి దూరటం ప్రాణంతో చెలగాటం.

ఇప్పుడు చక్రాన్ని పై అంచున ఒక చేత, కింది అంచున ఒక చేత పట్టుకొని ముందుకు వెనుకకు ఊపాలి. ఊగులాట తెలిస్తే మరొకరిని బ్రేకు నొక్కి ఉంచమని చెప్పి మళ్ళీ ఊపాలి. బ్రేకు నొక్కగానే ఊగులాట పోతే లోపం బేరింగులో ఉన్నట్లు. పోకుంటే కింగ్ పిన్ను, బాల్ జాయింటు వంటి ఇతర భాగాలను చూడాలి. తరువాత బ్రేకు వదలి చక్రాన్ని మెల్లగా తిప్పుతూ రెండవ చేతిని సస్పెన్షన్ స్ప్రింగుపై ఉంచాలి. బేరింగు గరుకుగా ఉంటే చెవికి అందని కంపం చేతికి అందుతుంది. చక్రాన్ని ఊపి, తిప్పి, తాకి చూచే ఈ పరీక్షకు ఖరీదైన పరికరమేదీ అక్కరలేదు; నిదానం కావాలి.

విప్పేటప్పుడు ఒక క్రమాన్ని పాటించాలి. చక్రం తీసిన తరువాత డిస్కు బ్రేకు ఉన్న బండిలో కాలిపరును విప్పి తీగతో పైకి కట్టాలి. బ్రేకు గొట్టంపై దాని బరువు వేలాడరాదు. పాత బ్రేకు లైనింగుల ధూళిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశమున్నది గనుక దానిని గాలితో ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి. తరువాత లోహపు మూతను తట్టి తీసి, స్ప్లిట్ పిన్నును నిటారు చేసి లాగాలి. నట్టు, వాషరు, వెలుపలి బేరింగు వరుసగా వస్తాయి. హబ్బును బయటికి లాగి వెనుకనున్న సీలును పెకలిస్తే లోపలి బేరింగు చేతికి వస్తుంది. కుడివైపు భాగాలు ఎడమవైపు భాగాలతో కలవకుండా వేరువేరు పళ్ళెములలో ఉంచాలి. కొన్నాళ్ళు కలిసి దొర్లిన కోను, కప్పు ఒకదానికొకటి అలవాటు పడి ఉంటాయి. వాటిని తారుమారు చేస్తే మంచి బేరింగు కూడ త్వరగా చెడుతుంది.

పాత గ్రీజును పారవేయక ముందు దానిని ఒకసారి చూడాలి. వైద్యుడు రోగి నాలుకను చూచినట్లు మెకానిక్కు గ్రీజును చూస్తాడు. పాలవలె తెల్లబారి ఉంటే నీరు చేరినట్లు. వేళ్ళ నడుమ మెరిసే రజను తగిలితే లోహం అరుగుతున్నట్లు. మాడి నల్లబడి గట్టిపడి ఉంటే వేడి అధికమైనట్లు. చూచిన తరువాత భాగాలన్నిటినీ కిరోసినులో కడిగి, నూలుపోగులు రాలని గుడ్డతో తుడిచి ఆరనీయాలి. నిప్పుకు దూరంగా ఈ పని చేయాలి. గాలిపంపుతో బేరింగును గిరగిర తిప్పి ఆరబెట్టటం కొందరికి వినోదం. కందెన లేని బేరింగు ఆ వేగానికి విచ్చిపోయి రోలర్లు గుళ్ళవలె ఎగిరిపడగలవు.

శుభ్రమైన బేరింగు తన చరిత్రను తానే చెబుతుంది. కప్పు లోపలి తలం అద్దంవలె నునుపుగా ఉండాలి. అక్కడ పెచ్చులు ఊడి గుంటలు పడితే లోహం అలసిపోయినట్లు. సమదూరంలో గంటుల వలె నొక్కులుంటే గట్టి దెబ్బ తగిలినట్లు. నీలివన్నె పారితే ఉక్కు మితిమీరి వేడెక్కినట్లు. తుప్పు చుక్కలుంటే తడి చేరినట్లు. ఇటువంటి దోషాలలో ఏ ఒక్కటి కనిపించినా కోనును, కప్పును రెండింటినీ మార్చాలి. పాత కప్పులో కొత్త కోనును తొడిగి పొదుపు చేశామనుకోవటం పొరపాటు. పాత కప్పు గుంటలు కొత్త రోలర్లను కొద్దిరోజులలోనే చెడగొడతాయి. కొత్త కప్పును దిగవేసేటప్పుడు ఉక్కు సుత్తితో నేరుగా కొట్టరాదు. మెత్తని ఇత్తడి కడ్డీతో అంచు చుట్టూ ఎదురెదురుగా, కొద్దికొద్దిగా తట్టాలి. కప్పు పూర్తిగా కూర్చున్నప్పుడు సుత్తి ధ్వని మారి గట్టిగా మోగుతుంది.

తరువాతి పని గ్రీజు కూరటం. బ్రేకుల వేడిని తట్టుకొనే చక్రపు బేరింగు గ్రీజునే వాడాలి. గ్రీజులోని సబ్బు వంటి పదార్థం స్పాంజివలె నూనెను పట్టి ఉంచి, కావలసినంత మేరకు వదలుతుంది. రెండు వేరు రకాల గ్రీజులు కలిస్తే ఆ పట్టు సడలి నూనె కారిపోవచ్చు. అందుకే పాతది పూర్తిగా కడగకుండా కొత్తది పెట్టరాదు. అరచేతిలో గ్రీజు ముద్దను ఉంచుకొని, బేరింగు వెడల్పు అంచును దానిలోకి మళ్ళీ మళ్ళీ నొక్కాలి. గ్రీజు కేజి సందులలో నుండి సాగి రెండవ అంచున పైకి వచ్చేవరకు, బేరింగు చుట్టూ అంగుళం అంగుళంగా ఈ పని సాగాలి. పైపైన పూసిన గ్రీజు కంటికి నిండుగా కనిపిస్తుంది గాని రోలర్లకు చేరదు. అట్లని హబ్బును, మూతను గ్రీజుతో నింపివేయరాదు. వేడికి గ్రీజు వ్యాకోచిస్తుంది. చోటు లేకుంటే సీలును నెట్టుకొని బ్రేకుపైకి కారుతుంది. లోపలి బేరింగు పెట్టిన తరువాత ఎల్లప్పుడూ కొత్త సీలునే వేయాలి.

ఇక మిగిలినది నట్టు బిగింపు. ఈ పనికంతటికీ కీలకం ఇదే. బాగా బిగిస్తే భద్రత ఎక్కువని సామాన్యుల భావన. అనేక నట్ల విషయంలో ఇది నిజమే. శంకురూప బేరింగు విషయంలో ఇది ప్రమాదకరమైన భ్రమ. బిగువు అధికమైతే రోలర్లు కప్పుకు, కోనుకు నడుమ నలుగుతాయి. నూనెపొర పిండుకొనిపోతుంది. వేడి పుడుతుంది. వేడికి లోహం వ్యాకోచించి బిగువు మరింత పెరుగుతుంది. ఈ విషవలయం కొనసాగితే బేరింగు ఇరుసుకు అతుక్కొని, చివరకు చక్రమే ఊడిపోవచ్చు. వదులు అధికమైనా కీడే. అప్పుడు బరువు కొద్ది రోలర్లపైననే పడుతుంది. చక్రం ఊగుతుంది. డిస్కు బ్రేకు పలకలు వెనుకకు నెట్టబడి పెడలు లోతుకు దిగుతుంది.

కావలసినది ఈ రెండింటికి నడిమి స్థితి. చక్రాన్ని లేక హబ్బును చేతితో తిప్పుతూనే నట్టును పానాతో కొంచెం బిగించాలి. తిప్పకుండా బిగిస్తే రోలర్లు తమ స్థానంలో కుదురుకోవు. కుదురుకొన్న తరువాత నట్టును పూర్తిగా సడలించి, ఈసారి వేళ్ళతో మాత్రమే తగిలేవరకు తిప్పాలి. స్ప్లిట్ పిన్ను రంధ్రానికి నట్టుపైని గాడి ఎదురు రాకుంటే నట్టును దగ్గరి గాడి వరకు సడలించాలే గాని బిగించరాదు. చక్రం స్వేచ్ఛగా తిరగాలి. వదులు ఉన్నదా లేదా అన్నంత స్వల్పంగా ఉండాలి. డయల్ గేజి ఉన్నవారు మిల్లీమీటరులో నూరవ వంతులతో దీనిని కొలుస్తారు. పాత జీపుల వంటి బండ్లలో గాడుల నట్టుకు బదులు రెండు నట్లు, వాటి నడుమ చెవులు మడిచే వాషరు ఉంటాయి. మోరిస్ మైనర్ వంటి కార్లలో గుండ్ల బేరింగుల నడుమ దూరాన్ని నిలిపే గొట్టం ఉంటుంది. అక్కడ నట్టును నిర్ణీత బలంతో గట్టిగానే బిగించాలి. కనుక ఈ సూత్రాన్ని అన్ని బండ్లకు అంటగట్టక, ఆ బండి సర్వీసు పుస్తకం చెప్పిన కొలతను పాటించటం అత్యవసరం.

చివరగా కొత్త స్ప్లిట్ పిన్ను వేసి కొనలు మడవాలి. ఒకసారి మడిచి విప్పిన పిన్ను విరిగే గుణం కలది. కొద్దిపాటి ఖర్చుకు వెనుదీసి దానినే వాడరాదు. మూత తట్టి, చక్రం బిగించి, బండిని కదిలించక ముందే బ్రేకు పెడలును గట్టిపడేవరకు కొన్నిసార్లు నొక్కాలి. కొంతదూరం నడిపి వచ్చి రెండు హబ్బుల వేడిని పోల్చి, ఊగులాటను మరల పరీక్షిస్తే పని ముగిసినట్లు. సర్వీసు పుస్తకం చెప్పిన దూరానికి ఒకసారి ఈ సేవ చేయాలి. వరదనీటిలో హబ్బు మునిగితే మాత్రం ఆ దూరం కోసం ఎదురుచూడరాదు.

మెరుగుపెట్టిన కారు వెలుపలి రంగును అందరూ చూస్తారు. మూత వేసిన తరువాత లోపల ఏమున్నదో బండి యజమానికి కనబడదు. పాత సీలు మిగిలిపోయినా, పైపైన గ్రీజు పూసినా ఆనాటికి ఎవరికీ తెలియదు. తెలిసేది కొన్ని నెలల తరువాత, ఏ రాత్రివేళనో, పిల్లాపాపలతో ఒక కుటుంబం దూరప్రయాణంలో ఉన్నప్పుడు. వారి ప్రాణాలు ఆ మెకానిక్కు చేతిలో ఉన్న సంగతి వారికి తెలియదు, అతనికి తెలుసు. పని నాణ్యత ఆ తెలివిలోనే ఉన్నది. ఇరుసుకు కందెన పూసి, తెల్లవారుజామున బండి కట్టిన రైతుకు కూడ ఇది తెలుసు.

కఠిన పదాలకు అర్థాలు

కందెన : ఇరుసు రాపిడిని తగ్గించుటకు పూసే జిడ్డు పదార్థం
కడశీల : చక్రం జారిపోకుండా ఇరుసు కొనకు వేసే మేకు
నాభి : చక్రపు నడిమి భాగం
శంకురూపం : ఒక కొన వెడల్పుగా, ఒక కొన సన్నగా ఉండే గుండ్రని ఆకారం
వ్యాకోచించు : వేడికి పరిమాణంలో పెరుగు
పెకలించు : ఊడదీయు
విషవలయం : ఒక కీడు మరొక కీడును పెంచుతూ తిరిగి వచ్చే స్థితి

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. చక్రపు బేరింగు చెడుతున్నదని తెలిపే హెచ్చరికలను, వాటిని పరీక్షించే విధానాన్ని వివరించండి.
2. "బాగా బిగిస్తే భద్రత ఎక్కువ" అన్న భావన శంకురూప బేరింగు విషయంలో ఎందుకు సరికాదు? పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. పాత గ్రీజును చూచి మెకానిక్కు ఏయే సంగతులు గ్రహిస్తాడు?
2. బేరింగులో గ్రీజు కూరే పద్ధతిని తెలపండి.
3. ఎడ్లబండి ఇరుసుకు, కారు ఇరుసుకు గల పోలికలేవి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. హెన్రీ టిమ్కెన్ ఏ సంవత్సరంలో పేటెంటు పొందాడు?
2. రోలర్లను సమదూరంలో నిలిపే భాగం ఏది?
3. బేరింగును గాలిపంపుతో తిప్పి ఎందుకు ఆరబెట్టరాదు?

ఈ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. "జాకీ ఎత్తటానికే గాని మోయటానికి కాదు."
2. "వారికి తెలియదు, అతనికి తెలుసు."

భాషాంశాలు

సంధులు
అత్యవసరం : అతి + అవసరం – యణాదేశ సంధి
ఉష్ణోగ్రత : ఉష్ణ + ఉగ్రత – గుణ సంధి
జీవనాధారం : జీవన + ఆధారం – సవర్ణదీర్ఘ సంధి
ఏమున్నదో : ఏమి + ఉన్నదో – ఇకార సంధి

సమాసాలు
చక్రనాభి : చక్రము యొక్క నాభి – షష్ఠీ తత్పురుష సమాసం
సూక్ష్మధ్వని : సూక్ష్మమైన ధ్వని – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
పిల్లాపాపలు : పిల్లలును, పాపలును – ద్వంద్వ సమాసం

అభ్యాసం

మీ ప్రాంతంలోని ఒక వృత్తిపనివారిని కలిసి, వారు వాడే పనిముట్ల పేర్లను, వాటి ఉపయోగాలను తెలుగులో ఒక పట్టికగా వ్రాయండి.